సీప్యాప్ మెషిన్ ఇంటికొచ్చాక మొదటి నెల గట్టెక్కడం ఎలా

నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో కొలిచే స్లీప్ స్టడీ అయిపోయింది, గంటకు ఇన్నిసార్లు ఊపిరి ఆగుతోందని రిపోర్టు వచ్చింది, అది ఆగకుండా మాస్కులోంచి గాలి పంపే సీప్యాప్ మెషిన్ డాక్టరు రాశారు. డీలర్ తరఫు కుర్రాడు వచ్చి మంచం పక్కన మెషిన్ పెట్టి, మాస్కు తగిలించి, పావుగంటలో అంతా చూపించేసి "ఏమన్నా ఉంటే ఫోన్ చెయ్యండి సార్" అని బండెక్కి వెళ్లిపోయాడు. ఇక ఆ రాత్రి నుంచి మీ తిప్పలు మీవి.

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో నాకు తెలిసినవాళ్లలోనే వేలకు వేలు పోసి కొని, చివరికి బీరువా మీదికెక్కించినవాళ్లు ఉన్నారు. ఎందుకు వాడట్లేదంటే అందరిదీ ఒకటే జవాబు, "నాకు పడ్తలేదన్నా". ఏం పడట్లేదని కాస్త గుచ్చి అడిగితే మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో గోస. ఒకాయనకు ముక్కుదూలం మీద పుండు పడింది, ఒకావిడకు పొద్దున లేచేసరికి నోరు ఎండుకుపోయి నాలుక అంగిట్లో అతుక్కుంటోంది, ఇంకొకరికి కడుపు ఉబ్బుతోంది, మరొకరికి కరెంటు పోతే భయం. ఇవన్నీ వేరువేరు సమస్యలు, దాదాపు అన్నిటికీ ఇంట్లోనే చేసుకోగల మార్గం ఉంది. అందుకే మెషిన్ పడలేదని తేల్చేసే ముందు అందులో ఏది పడలేదో పట్టుకోండి, ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. మాస్కూ, నీళ్లూ, దిండూ, సెట్టింగూ అన్నీ ఒకే రాత్రి మార్చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

మెషిన్ సంగతి క్లుప్తంగా

నిద్రలో గొంతు వెనక కండరాలు వదులైపోయి గాలి దారి మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్లు గాలి ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కేస్తారు. అలా ఆగిపోవడం, బాగా తగ్గిపోవడం రెండూ కలిపి గంటకు సగటున ఎన్నిసార్లు అన్నదే రిపోర్టులో ఏహెచ్ఐ. పెద్దవాళ్లలో 5 లోపు మామూలు, 5 నుంచి 15 వరకు స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్తం, 30 దాటితే తీవ్రం. సీప్యాప్ ఆక్సిజన్ పెట్టే మెషిన్ కాదు. చూడటానికొచ్చిన చుట్టాలు అదే అనుకుని "అయ్యో ఆక్సిజన్ మీదున్నాడట" అని ఊరంతా చెప్తారు, వాళ్లతో వాదించకండి. ఇది గదిలో గాలినే లాగి, కాస్త ఒత్తిడితో ముక్కులోకి పంపి, ఆ దారి మూసుకుపోకుండా తెరిచి పట్టుకుంటుంది, అంతే. ఆస్ట్రేలియాకు చెందిన కాలిన్ సల్లివాన్ బృందం 1981లో ఈ పద్ధతిని ప్రచురించింది, ఇప్పటికీ అసలు సూత్రం అదే. ఇళ్లల్లో వాడే మెషిన్లలో ప్రెషర్ మామూలుగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్యలో ఉంటుంది. మీకెంత కావాలన్నది డాక్టరు రాస్తారు. ఆటో మెషిన్ అయితే కింది హద్దు, పై హద్దు పెడతారు, ఆ మధ్యలో అదే సర్దుకుంటుంది.

ఇంకా కొనకపోతే ఒక మాట. మంచి ఆటో మెషిన్ 30,000 పైమాటే, మాస్కు ఖర్చు వేరే. వీలుంటే ముందు నెలా రెండు నెలలు అద్దెకు తీసుకుని చూడండి, మాస్కు మాత్రం కొత్తది సొంతంగా కొనుక్కోండి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోందని ఎగబడకండి. లోపల పెట్టిన శబ్దం తగ్గించే ఫోమ్ పాడైపోతోందని ఫిలిప్స్ కంపెనీ 2021 జూన్‌లో మొదటి తరం డ్రీమ్‌స్టేషన్‌తో సహా చాలా మెషిన్లను వెనక్కి పిలిచింది. పాత మెషిన్ తీసుకుంటే సీరియల్ నంబర్ చూసుకోకుండా డబ్బు కట్టొద్దు.

మొదటిసారి రాత్రి పూట పెట్టుకోవద్దు

చాలామంది చేసేదేమిటంటే, రోజంతా అలిసిపోయి రాత్రి 11 గంటలకు పక్కమీద కూర్చుని అప్పుడు మాస్కు చేతిలోకి తీసుకుంటారు. నిద్ర ముంచుకొస్తూ ఉంటుంది, మెషిన్ కొత్త, మొహం మీద గాలి కొడుతోంది, పది నిమిషాలకు గుండె దడ, తీసి పారేస్తారు. దీని బదులు మొదటి నాలుగైదు రోజులు పగటిపూట అలవాటు చేసుకోండి. సాయంత్రం టీవీ చూస్తూ మాస్కు ఒక్కటే, ట్యూబ్ లేకుండా, చేత్తో మొహానికి ఆనించుకుని కూర్చోండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసెయ్యొచ్చన్న ధైర్యం ముందు రావాలి, అందుకే పట్టీలు అప్పుడే బిగించొద్దు. అది బాగానే ఉందనిపిస్తే పట్టీలు పెట్టి, ట్యూబ్ తగిలించి, మెషిన్ ఆన్ చేసి ఇరవై నిమిషాలో అరగంటో వార్తలు చూడండి. ఆ తర్వాత మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు పెట్టుకోండి. అప్పుడు రాత్రికి రండి.

మాస్కు పెట్టుకున్న మొదటి నిమిషంలో దాదాపు అందరూ నోటితో ఊపిరి గుంజుకుంటారు. ముక్కు మాస్కు అయితే నోరు తెరవగానే ముక్కులోంచి వెళ్లిన గాలి నోట్లోంచి బయటికి తన్నుకొస్తుంది, అది చూసి మనిషి హడలిపోతాడు. నోరు మూసి, నాలుకను అంగిటికి ఆనించి, ముక్కుతో నెమ్మదిగా పీల్చి వదలండి. పీల్చేది మెషిన్ చూసుకుంటుంది, మీరు వదలడం మీద మనసు పెట్టండి. నిజంగా ఊపిరాడదేమో అన్న భయం గట్టిగా ఉన్నవాళ్లు, చిన్నప్పుడు బావిలో పడ్డవాళ్లు, లిఫ్ట్‌లో ఇరుక్కున్నవాళ్లు, ఇలాంటివేమైనా ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. వాళ్లకు ఈ పగటి ప్రాక్టీసు వారాలు పట్టొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

రెండు సెట్టింగులు ఈ దశలో ప్రాణం నిలబెడతాయి. ఒకటి ర్యాంప్. ఆన్ చేయగానే పూర్తి ప్రెషర్ రాకుండా తక్కువతో మొదలై, 20 నిమిషాలో 30 నిమిషాలో పట్టి మెల్లగా పెరుగుతుంది, ఈలోగా మీరు నిద్రలోకి జారుకుంటారు. రెండోది ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ కాస్త తగ్గించేది. రెస్‌మెడ్ మెషిన్లలో దాన్ని ఈపీఆర్ అంటారు, 1 నుంచి 3 వరకు పెట్టుకోవచ్చు; ఫిలిప్స్‌లో ఫ్లెక్స్ అని ఉంటుంది. "ఊపిరి వదులుదామంటే ఎదురు తన్నుతోంది" అన్నవాళ్లకు చాలావరకు దీంతోనే కుదురుతుంది. అయితే ర్యాంప్ మొదలయ్యే ప్రెషర్ మరీ తక్కువగా, 4 దగ్గర ఉంటే కొంతమందికి గాలి చాలట్లేదనిపిస్తుంది. భారీ మనుషులు ఎక్కువగా ఈ మాట చెప్తారు. అప్పుడు మొదలే 5, 6 దగ్గర పెట్టమని అడగాలి. ఎక్కువైందని కంప్లయింట్ చేసేవాళ్లే కాదు, తక్కువై గాబరాపడేవాళ్లూ ఉంటారు.

మాస్కు దగ్గరే అసలు కథ

నన్నడిగితే మెషిన్ ఏ కంపెనీదన్నది తర్వాత సంగతి, మాస్కు కుదిరితే సగం పని అయినట్టే. మూడు రకాలుంటాయి. ముక్కు మొత్తం కప్పేది, ముక్కు రంధ్రాల దగ్గర చిన్న మెత్తటి గొట్టాల్లా ఆనుకునే పిల్లోస్, ముక్కూ నోరూ కలిపి కప్పే ఫుల్ ఫేస్. నోటితో ఊపిరి పీల్చే అలవాటున్నా, ముక్కు ఎప్పుడూ దిబ్బడేసినా ఫుల్ ఫేస్ ఇస్తారు, కానీ దాని అంచు పెద్దది కాబట్టి గాలి లీకయ్యే చోట్లూ ఎక్కువే. ముక్కు దిబ్బడకు ఈఎన్‌టీ దగ్గర వైద్యం చేయించుకుంటే చిన్న మాస్కుతోనే సరిపోయేవాళ్లు చాలామంది. మీసం గుబురుగా ఉన్నవాళ్లకు పై పెదవి మీద ఆనే మాస్కు నిలవదు, పిల్లోస్ ప్రయత్నించొచ్చు. గడ్డం ఉన్నవాళ్లకు ఫుల్ ఫేస్‌తో తిప్పలే.

కూర్చుని మాస్కు సరిచేసుకోవద్దు. పడుకుంటే చెంపలు, దవడ పక్కకు జారి మొహం ఆకారమే మారుతుంది. పడుకుని, మెషిన్ ఆన్ చేసి, గాలి పూర్తి ప్రెషర్‌లో ఉన్నప్పుడు సరిచేయాలి. చాలా మెషిన్లలో మాస్క్ ఫిట్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది నొక్కితే ర్యాంప్ లేకుండా కాసేపు అసలు ప్రెషర్‌తో గాలి వదులుతుంది. అది ఆన్‌లో ఉండగా మాస్కును మొహం నుంచి ఒక అంగుళం ముందుకు లాగి, సిలికాన్ అంచు గాలికి ఉబ్బాక, మెల్లగా వెనక్కి ఆనించండి. ఆ ఉబ్బిన అంచే చర్మానికి అతుక్కుంటుంది. పట్టీలు బిగించేకొద్దీ ఆ అంచు మడతపడిపోయి ఇంకా ఎక్కువ లీకవుతుంది, మనిషి ఇంకా బిగిస్తాడు, పొద్దున్నకల్లా ముక్కుదూలం ఎర్రగా కందిపోతుంది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. కింది పట్టీలు ముందు, పైవి తర్వాత, రెండు వైపులా సమానంగా. పక్కకు తిరిగి పడుకుని కూడా ఒకసారి చూసుకోండి. గాలి కళ్లలోకి కొడుతోంటే ముక్కుదూలం దగ్గర లీకు. కళ్లు ఎర్రబడి మండుతాయి, చాలామంది దాన్ని కళ్లకలక అనుకుని చుక్కలు వేసుకుంటూ ఉంటారు.

మాస్కుకు ముందు భాగంలో సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి ఎప్పుడూ గాలి బయటికి పోతూనే ఉంటుంది. అది లీకు కాదు, మీరు వదిలిన గాలి పోయే దారి అదే. ప్లాస్టర్ వేసి దాన్ని మూసినవాళ్లున్నారు, ఆ పని చచ్చినా చేయొద్దు.

మన ఇళ్లల్లో మాస్కు జారడానికి పెద్ద కారణం నూనె. రాత్రి తలకు కొబ్బరినూనె దట్టంగా పెట్టుకుని, మొహానికి ఏదో క్రీము రాసుకుని మాస్కు పెట్టుకుంటే సిలికాన్ ఎక్కడ నిలుస్తుంది? పడుకునే ముందు సబ్బుతో మొహం కడిగి తుడుచుకోండి, తలకు నూనె పొద్దున పెట్టుకోండి. ముక్కుపుడక ఉన్న ఆడవాళ్లకు మాస్కు అంచు దాని మీద పడితే గుచ్చుకుంటుంది, లీకు కూడా. రాత్రికి తీసేయగలిగితే తీసేయడం, తీయలేనివాళ్లు పిల్లోస్ రకం చూడటం మేలు. జడ లావుగా ఉంటే వెనక పట్టీ దాని మీదికి జారుతుంది, జడ కిందికి దించి వదులుగా వేసుకుంటే పట్టీ మెడ దగ్గర సరిగ్గా కూర్చుంటుంది. కట్టుడు పళ్లు తీసి పడుకునేవాళ్లు పళ్లు తీసేశాకే మాస్కు కొలత చూసుకోవాలి, ఎందుకంటే పళ్లు తీస్తే బుగ్గలు లోపలికి పోతాయి.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. కొన్ని మాస్కుల పట్టీలకు అయస్కాంతపు క్లిప్పులుంటాయి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, మెదడులో క్లిప్పులో, నీరు బయటికి పంపే షంట్ అనే గొట్టమో ఉన్నవాళ్లు అవి వాడకూడదు. పక్కన పడుకునే మనిషికి అలాంటివి ఉన్నా ప్రమాదమే. షాపువాడు అడగకపోయినా మీరు చెప్పండి, అయస్కాంతం లేని రకం ఇమ్మనండి.

నిద్రలో తెలియకుండా మాస్కు పీకేయడం మామూలే. పొద్దున లేచి చూస్తే అది దిండు పక్కన పడి ఉంటుంది, ఎప్పుడు తీశారో గుర్తుండదు. మెలకువ వచ్చినప్పుడల్లా మళ్లీ పెట్టుకోండి, తెల్లవారుజామున మూడైనా నాలుగైనా సరే. కలలొచ్చే నిద్ర ఎక్కువగా రాత్రి చివరి భాగంలోనే ఉంటుంది, చాలామందికి ఊపిరి ఎక్కువగా ఆగేదీ అప్పుడే. ముందు సగం పెట్టుకుని తర్వాత తీసేస్తే అసలు అవసరమైనప్పుడు మెషిన్ పక్కన ఊరికే ఉన్నట్టు.

నీళ్లు, కూలరు, ఎండాకాలం

నోరు, ముక్కు ఎండిపోతే హ్యుమిడిఫయర్ పెంచాలి. మెషిన్ పక్కన ఉండే చిన్న తొట్టెలో నీళ్లు పోస్తే అడుగున వేడయ్యి గాలికి తడి పడుతుంది. అందులో డిస్టిల్డ్ వాటర్ పొయ్యమంటారు. ఇక్కడే మనవాళ్లు బ్యాటరీ షాపుకు పరిగెత్తి ఇన్వర్టర్‌లో పోసే నీళ్లు తెస్తారు. అవి బ్యాటరీల కోసం నింపినవి, ఏ డబ్బాలో ఎలా నిల్వ చేశారో తెలియదు, ఊపిరితో లోపలికి పోయే గాలికి వద్దు. మెడికల్ షాపులో అడిగితే తెప్పించి ఇస్తారు, లేకపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దొరకని రోజు మరిగించి చల్లార్చిన మంచినీళ్లు పోసినా పరవాలేదు. బోరు నీళ్లు మాత్రం పోస్తే వారం తిరక్కుండానే తొట్టె అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, స్టీలు గిన్నెలో రోజూ నీళ్లు కాచేవాళ్లకు ఆ తెల్ల పొర తెలిసిందే. పట్టేస్తే కొంచెం వెనిగర్ కలిపిన నీళ్లతో నానబెట్టి కడగండి. పొద్దున లేవగానే మిగిలిన నీళ్లు పారబోసి తొట్టె ఆరబెట్టాలి, నిన్నటి నీళ్ల మీదే ఇవాళ్టివి కలపడం వద్దు. మెషిన్‌ను నీళ్లున్న తొట్టెతో ఎత్తి ఇంకో గదికి మోసుకుపోవద్దు, ఒలికి మోటారులోకి పోతే అంతే సంగతులు.

తడి ఎంత ఉండాలన్నది ఋతువును బట్టి మారుతుంది, ఏడాదంతా ఒకే నంబరు మీద పెట్టి వదిలేస్తే కుదరదు. మన దగ్గర మే నెలలో పగలు 44, 45 డిగ్రీలు ఉంటుంది, రాత్రి కూలర్ వేసుకుని పడుకుంటాం. కూలర్ గాలిలోనే బోలెడు తడి ఉంటుంది, మీదినుంచి ఆ చల్లటి గాలి ట్యూబ్‌కు తగులుతుంటే లోపలి వెచ్చటి తేమ నీటిచుక్కలుగా మారుతుంది. అర్ధరాత్రి ట్యూబ్‌లో గుడగుడమని చప్పుడు, ముక్కు మీద చల్లటి చుక్క. కంగారు పడకండి, తడి నంబరు తగ్గించండి, కూలర్ గాలి సూటిగా ట్యూబ్‌కు తగలకుండా మంచం జరపండి, ట్యూబ్‌కు గుడ్డ తొడుగు వేయండి. మెషిన్ ఎప్పుడూ తల కంటే కింద ఎత్తులో, చిన్న స్టూలు మీద ఉండాలి, అప్పుడు చేరిన నీళ్లు మొహం మీదికి కాకుండా వెనక్కి జారతాయి. ఏసీ గదిలో పరిస్థితి వేరు, ఏసీ గాలిని పొడిగా చేస్తుంది, అక్కడ తడి పెంచాలి. చలికాలంలో కూడా కాస్త పెంచుకోవాల్సి వస్తుంది. తనంతట తానే వెచ్చగా ఉండే హీటెడ్ ట్యూబ్ ఉంటే ఈ గొడవ సగం తగ్గుతుంది, కొనేటప్పుడే దాని ధర అడగండి.

తడి పెంచినా నోరు ఎండుతోందంటే నిద్రలో నోరు తెరుచుకుంటోందన్నమాట. గదమ పట్టీ అని దవడను పైకి పట్టి ఉంచేది దొరుకుతుంది, లేదంటే ఫుల్ ఫేస్‌కు మారాలి. ఆన్‌లైన్‌లో చూసి నోటికి టేపు అంటించుకునేవాళ్లున్నారు. ముక్కు మూసుకుపోయే అలవాటున్నవాళ్లకు, వాంతులయ్యే అవకాశం ఉన్నవాళ్లకు అది ప్రమాదం, డాక్టరును అడగకుండా వద్దు.

దుమ్ము, దోమల చక్రం, మిర్చి సీజను

మెషిన్ గదిలో ఏముంటే అదే లాగుతుంది. మంచం కింద దోమల చక్రం వెలిగించి, దాని పక్కనే మెషిన్ పెట్టుకుంటే ఆ పొగే రాత్రంతా ముక్కులోకి. అగరొత్తులు, సాంబ్రాణి కూడా అంతే. దోమతెర కట్టుకోండి, ట్యూబ్‌ను పక్క అంచు కిందనుంచి లోపలికి తెచ్చుకుంటే తెర లేవదు. ఎనుమాముల మార్కెట్ వైపు ఉండేవాళ్లకు తెలుసు, మిర్చి సీజన్‌లో ఆ గాలి ఎంత ఘాటుగా ఉంటుందో. కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల దగ్గర దుమ్ము సంగతీ అంతే. పుస్తకంలో ఫిల్టర్ నెలకో, అంతకంటే ఆలస్యంగానో మార్చమని రాసి ఉన్నా, మన దగ్గర రంగు చూసి మార్చాలి. తెల్లటి పేపర్ ఫిల్టర్ బూడిద రంగుకు తిరిగితే పారేయండి, దాన్ని కడగకూడదు. నల్లటి స్పాంజి లాంటిది ఉంటే అది కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి.

కడగడం పెద్ద పనేం కాదు. మాస్కు మెత్తటి భాగం రోజూ పొద్దున ఘాటు లేని సబ్బు నీళ్లతో, ట్యూబ్, తొట్టె, పట్టీలు వారానికోసారి. నీడలో ఆరబెట్టండి, డాబా మీద ఎండలో వేస్తే సిలికాన్ పాడవుతుంది. డెటాల్, బ్లీచింగ్, స్పిరిట్ ఏవీ వద్దు. ఓజోన్‌తో శుభ్రం చేస్తామని అమ్మే పెట్టెలు కొనకండి, వాటి మీద అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లోనే హెచ్చరిక ఇచ్చింది.

కరెంటు పోతే

ఇది మన దగ్గర అందరూ అడిగే ప్రశ్న. కరెంటు పోతే మాస్కులో ఊపిరాడక చచ్చిపోతామా? లేదు. ఫుల్ ఫేస్ మాస్కులో గాలి ఆగగానే తెరుచుకునే వాల్వు ఉంటుంది, బయటి గాలి వస్తుంది. ముక్కు మాస్కు అయితే నోరు తెరుస్తారు. చాలామందికి మెలకువ వచ్చేస్తుంది. కాకపోతే మెషిన్ ఆగిన తర్వాత మాస్కు అలాగే ఉంచుకుని పడుకోవద్దు, తీసేయండి.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో సమస్య వేరే చోట ఉంటుంది. మన ఎలక్ట్రీషియన్లు ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకూ లైట్లకూ ఇచ్చి వదిలేస్తారు, బెడ్‌రూం ప్లగ్గు దాని మీద ఉండదు. మెషిన్ పెట్టిన ప్లగ్గు ఇన్వర్టర్ మీద ఉందో లేదో మెయిన్ ఆపి చూడండి, లేకపోతే ఆ ఒక్క ప్లగ్గు మార్పించండి. హ్యుమిడిఫయర్ వేడి ఆపేస్తే సీప్యాప్ మామూలు సీలింగ్ ఫ్యాన్ కంటే తక్కువే లాగుతుంది, తడి పూర్తిగా పెట్టి హీటెడ్ ట్యూబ్ కూడా ఉంటే వాడకం చాలా పెరుగుతుంది. అందుకే ఈదురుగాలులు లేచి కరెంటు మీద నమ్మకం లేని రాత్రి నీళ్ల వేడి ఆపేసి పడుకోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కంటే సైన్ వేవ్‌ది మెషిన్‌కు మంచిది. కరెంటు తిరిగొచ్చాక మీ మెషిన్ దానంతట అదే మొదలవుతుందా, బటన్ నొక్కాలా అన్నది కూడా ఆ మెయిన్ ఆపిన రోజే తెలిసిపోతుంది.

ఎండాకాలం డాబా మీద పడుకునే అలవాటున్నవాళ్లు మానక్కర్లేదు. మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు, మెషిన్ నేల మీద కాకుండా స్టూలు మీద, వాన వస్తే ముందు మెషిన్, తర్వాత పరుపు.

కడుపుబ్బరం

పొద్దున లేచేసరికి కడుపు ఉబ్బి తేన్పులు వస్తుంటే నిద్రలో గాలి మింగుతున్నారు. రాత్రి భోజనం త్వరగా ముగించడం, పక్కకు తిరిగి పడుకోవడం, తల వైపు కాస్త ఎత్తు పెట్టడం చేసి చూడండి. ఈపీఆర్ పెంచితే కొందరికి తగ్గుతుంది. అయినా తగ్గకపోతే ప్రెషర్ సంగతి డాక్టరే చూడాలి. యూట్యూబ్ చూసి లోపలి మెనూ తెరిచి ప్రెషర్ మార్చుకునేవాళ్లను చూశాను, మార్చడం చేతకాక కాదు, ఎందుకు మారుస్తున్నామో తెలియకుండా మారిస్తే నష్టం.

ఇంట్లోవాళ్లూ, దావతులూ

పక్కన పడుకునే మనిషితో ముందే మాట్లాడండి. గురకతో పోలిస్తే ఈ మెషిన్ చప్పుడు లెక్కలోది కాదు, కానీ మాస్కు రంధ్రాల్లోంచి వచ్చే గాలి వాళ్ల మొహం మీదికి కొడితే వాళ్లకు నిద్రుండదు. మీరు అటు తిరిగి పడుకోవడమో, మధ్యలో దిండు పెట్టడమో చేయాలి. పిల్లలు మొదటి రెండు రోజులు భయపడతారు, తర్వాత ఏనుగు తొండం తాత అని పేరు పెట్టి ట్యూబ్ పట్టుకుని ఆడుకుంటారు. ట్యూబ్ మెడకు చుట్టుకోకుండా తల వైపు గోడకు మేకు కొట్టి, మెత్తటి గుడ్డ దారంతో పైకి వేలాడదీస్తే రాత్రంతా అటూ ఇటూ తిరగొచ్చు.

దావత్‌లో రెండు పెగ్గులో, కల్లో తాగొచ్చిన రాత్రి మెషిన్ వద్దులే అనిపిస్తుంది. నిజానికి ఆ రాత్రే ఎక్కువ అవసరం, మందు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది. నిద్రమాత్రలు కూడా డాక్టరుకు చెప్పకుండా వేసుకోవద్దు. ఊరెళ్తే మెషిన్ కూడా మీతోనే. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే రైల్లో ప్లగ్గుకు కూడా పెట్టొచ్చు, కానీ కొన్ని రైళ్లలో రాత్రి చార్జింగ్ ప్లగ్గులు ఆపేస్తారు, కాజీపేటలో ఎక్కగానే కోచ్ అటెండెంట్‌ను అడిగి తెలుసుకోండి. విమానంలో లగేజీలో వేయకుండా చేతి బ్యాగులో పెట్టుకోండి, డాక్టరు చీటీ కూడా దగ్గరుంచుకోండి. మేడారం జాతరకు వెళ్లి గుడారంలో ఉండేవాళ్లకు బ్యాటరీ ప్యాక్ తప్ప దారి లేదు.

నంబర్లు, డాక్టరు దగ్గరికి ఎప్పుడు

పొద్దున స్క్రీన్ మీద మూడు నంబర్లు చూడండి: ఎన్ని గంటలు వాడారు, లీకు ఎంత, ఏహెచ్ఐ ఎంత. మూడు కలిపే చూడాలి, లీకు ఎక్కువున్న రాత్రి ఏహెచ్ఐ నంబరును నమ్మలేం. రోజువారీ నంబరు చూసి టెన్షన్ పడొద్దు, ఒక రాత్రి 2, ఇంకో రాత్రి 6 రావడం మామూలే, వారం సగటు 5 లోపు ఉందా అన్నది ముఖ్యం. మెషిన్‌కు మీరు నిద్రపోయారో మేల్కొని ఉన్నారో తెలియదు, గాలి కదలికను బట్టి అంచనా వేస్తుంది, అందుకే అది స్లీప్ స్టడీ అంత కచ్చితం కాదు. వాడకం విషయంలో రాత్రికి కనీసం 4 గంటలు, నెలలో 70 శాతం రాత్రులు అనే లెక్క అమెరికా ఇన్సూరెన్స్‌వాళ్ల నుంచి వచ్చింది, డాక్టర్లూ అదే చూస్తారు. అది పాస్ మార్కు మాత్రమే, నిద్రపోయినంతసేపూ పెట్టుకుంటేనే పూర్తి లాభం.

కొంతమందికి మూడో రోజే మబ్బు విడిపోయినట్టు ఉంటుంది, కొంతమందికి నెల దాటినా తేడా తెలియదు. తేడా తెలిసేదాకా, పగలు కూర్చుంటే కునుకు పట్టే స్థితిలో హైదరాబాద్ హైవే మీద కారు నడపొద్దు. బస్సెక్కండి, రైలెక్కండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు బీపీ చూపించుకుంటూ ఉండండి, కొందరికి డోసు మార్చాల్సి వస్తుంది, అది మీరు కాదు డాక్టరు మార్చాలి. బరువు బాగా తగ్గినా, పెరిగినా ప్రెషర్ మళ్లీ చూపించుకోవాలి. పది కిలోలు తగ్గాను కదా అని మళ్లీ టెస్టు చేయించకుండా మెషిన్ ఆపేయొద్దు.

ముక్కునుంచి రక్తం ఆగకుండా వస్తున్నా, లీకు తక్కువున్నా ఏహెచ్ఐ వారాల తరబడి 5 పైనే ఉన్నా, స్క్రీన్ మీద సెంట్రల్ ఆప్నియా (గాలి దారి మూసుకుపోయి కాదు, ఊపిరి తీయమని మెదడు చెప్పక ఆగడం) అని ఎక్కువగా చూపిస్తున్నా, ముక్కుదూలం మీద చర్మం తెగినా ఆగకుండా డాక్టరుకు చూపించండి. గుండెల్లో నొప్పి వస్తే మెషిన్ సంగతి పక్కనపెట్టి సరాసరి ఎమర్జెన్సీకి. మామూలు చెకప్‌కు వెళ్లేటప్పుడు మెషిన్‌లోని మెమరీ కార్డు ఒక్కటే తీసుకెళ్లడం కంటే మాస్కు కూడా బ్యాగులో వేసుకోండి, అక్కడే పడుకుని పెట్టి చూపించొచ్చు. మెషిన్ మొత్తం తెమ్మంటే అడాప్టర్, దాని తీగ కూడా గుర్తుగా పెట్టుకోండి, సగం మంది అవి గోడ ప్లగ్గుకే వదిలేసి వస్తారు.